బొమ్మ కింద పేరు

మొగుడి పెదవి మూలకి వెన్న సరిగ్గా పట్టిందో లేదో, ఇంకోసారి వెళ్ళి రాసి రానా అనుకుంది ఎకువా, కానీ కుర్చీలోంచి లేవలేదు. లేస్తే ఆ పక్క గది తలుపు తియ్యాలి, తీస్తే లోపల ఫీఫీ ట్రంపెట్ ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుని ఉంటాడు, పాటకి ముందు గంటసేపు అతనికి మనుషులు అక్కర్లేదు, ఆ గంటలో భార్య కూడా మనుషుల్లో ఒకతే. గోడ గడియారంలో మూడూ ఐదు. నాలుగింటికి పాట మొదలు. సెకొండీ రైల్వే కార్మికుల పాత హాలు కిటికీలన్నీ తెరిచారు, సముద్రం గాలి లోపలికి వస్తోంది కానీ చల్లదనం తేవడం లేదు, ఎండబెట్టిన చేపల వాసన మాత్రం తెస్తోంది, ఈ వాసన మధ్య ఇంత మంచి బట్టలు కట్టుకుని ఇంతమంది ఎందుకొచ్చారో, అక్రా నుంచి ఐదారు గంటలు బస్సులో కూర్చుని ఈ గోడలకి తగిలించిన చెక్కముక్కలు చూడ్డానికి. ముప్ఫై ఒక్క బొమ్మలు. తాకొరాడీ కలప మిల్లులో పనికిరాదని పారేసిన ప్లైవుడ్ ముక్కల మీద, పడవలకి వేసే రంగులతో, పక్షవాతం రాని ఎడమ చేత్తో తన మొగుడు వేసిన బొమ్మలు. వాటిలో అన్నిటికన్నా పెద్దదాని పక్కనే ఎకువాకి కుర్చీ వేసింది ఎన్యోనం, ఈ ప్రదర్శనంతా మోస్తున్న విశ్వవిద్యాలయం పిల్ల. "ఇక్కడ కూర్చోండి ఆంటీ. బొమ్మా, మీరూ పక్కపక్కన ఉండాలి. అందరూ చూడాలి" అంది. అందరూ చూస్తున్నారు. ముందు బొమ్మని, తర్వాత ఎకువాని, మళ్ళీ బొమ్మని, ఆ తర్వాత చిన్నగా ఒక నవ్వు. ఆ నవ్వుకి బదులు నవ్వీ నవ్వీ ఎకువాకి దవడలు నొప్పి పుడుతున్నాయి.

బొమ్మలో నీలం గోడ. దాని ముందు అటు తిరిగి నిలబడ్డ ఆడమనిషి. తలకి పసుపు గుడ్డ, సన్నని నడుం, మనిషికి ముందు నేలమీంచి లేచిన బూడిదరంగు గీత ఒకటి, పైకొచ్చేసరికి కొంచెం వంగి ఉబ్బి ఉంటుంది. మొహం లేదు. ఫీఫీ ఈ మూడేళ్ళలో ఈ మనిషినే పదకొండుసార్లు వేశాడు, ఒక్కసారీ ఇటు తిప్పలేదు. ఆ గీత దగ్గర నిలబడి ఇప్పుడు ఎన్యోనంతో వాదన పెట్టుకున్నాడు ముసలి అండో, రైల్లో గార్డుగా చేసి దిగిపోయినవాడు, ఫీఫీ కొత్త రికార్డు వచ్చిన రోజునుంచీ ప్రతి ఆదివారం ప్రార్థన కాగానే వాళ్ళ గుమ్మంలో వాలేవాడు. "మైకమ్మా అది, మైకు స్టాండు. చూస్తే తెలీడం లేదూ" అన్నాడు. "ఒంటరితనం గీత అనుకున్నాను తాతా" అంది ఎన్యోనం. "ఒంటరితనానికి గీతలుండవే పిల్లా. నీ వయసులో మేం పాట వింటే గంతులేసేవాళ్ళం, నీలాగా పుస్తకంలో రాసుకునేవాళ్ళం కాదు." "అందుకే తాతా మీ మోకాళ్ళు అలా అయ్యాయి." చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, అండో కూడా నవ్వాడు, కర్రతో ఆ పిల్ల చెప్పుని పొడిచాడు. తర్వాత గొంతు తగ్గించి, ఎకువాకి వినపడదనుకుని, "గీత సంగతి వదిలెయ్. ఆ ఖాళీ చూడు. ఆయన పాటలోనూ అంతే కదా, రెండు స్వరాలు ఊది ఆగుతాడు చూశావా, ఆ ఆగడంలో నాకు మా ఆవిడ పోయిన రోజు కనిపిస్తుందమ్మా. ఒట్టు. ఇరవై ఏళ్ళవాడు ఎవడైనా అలా ఆగగలడా" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. మంచివాడు అండో. అందరూ మంచివాళ్ళే. అదే కష్టంగా ఉంది ఎకువాకి.

ఎందుకంటే ఆ ఆగడం ఎంతసేపో ఆమెకి తెలుసు. ఊపిరి అందక ఆగడం కాదది, డాక్టరు అనుకున్నట్టు. ముసలితనంలో వచ్చిన జ్ఞానమూ కాదు, పత్రికలవాళ్ళు రాసినట్టు. 'ఎడమ చేయి' అని ఆ రికార్డు బయటికొచ్చాక ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో ఉత్తరాలు రాశారు, ఎన్యోనం చదివి వినిపించింది, ఈ మౌనం ఇంత లోతు, అంత లోతు అని. మొదటిసారి విన్నరోజు ఎకువా వంటింట్లో కెంకెకి పులిసిన మొక్కజొన్న పిండి ఆకుల్లో చుడుతోంది. ముందుగదిలో ఫీఫీ పెదవి ఎడమ మూలనుంచి ఊదుతున్నాడు, పగిలిన కుండలోంచి గాలి పోయినట్టు గరగరమంటోంది, రెండు స్వరాలు, తర్వాత ఖాళీ. ఆ ఖాళీలో ఎకువా నోరు తనంతట తనే కదిలింది, పదాలు సరిగ్గా పట్టాయి, ఒక్క అక్షరం ఎక్కువ కాలేదు, తక్కువ కాలేదు. అక్క అరబా పాడిన చోటు అది. ఫీఫీ ఊదితే అక్క జవాబు పాడేది, మళ్ళీ ఫీఫీ, మళ్ళీ అక్క. అతను ఇప్పుడు తన వంతు మాత్రం ఊదుతున్నాడు. ఆమె వంతు రాగానే ఆగి, ఆమె పాడేదాకా ఉండి, మళ్ళీ ఎత్తుకుంటున్నాడు. చేతిలో పిండి ఎండిపోయేదాకా అలాగే నిలబడిపోయింది ఎకువా. ఈ లోకంలో ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే, ఆ ఇద్దరూ ఒకే మంచం మీద పడుకుంటారు, ఆ ఇద్దరూ నలభై ఒక్కేళ్ళుగా ఆ పేరు ఇంట్లో పలకలేదు.

"ఆంటీ." ఎన్యోనం వచ్చి నేలమీద మోకాళ్ళమీద కూర్చుంది, చేతిలో తెల్ల అట్టముక్క, నల్ల సిరాపెన్ను. "అన్ని బొమ్మలకీ పేర్లు పెట్టాం, దీనికొక్కదానికే లేదు. ఎగ్యా ఫీఫీని," అంది, పెద్దాయన్ని అందరూ నాన్న అనే అర్థంలో ఎగ్యా అంటారు, "అడిగితే ఏదో ఒకటి రాసుకోమన్నారు. ఇది అక్రాలో మ్యూజియంకి వెళ్తుంది కదా, ఇక అక్కడే ఉండిపోతుంది. పేరు లేకుండా ఎలా పంపుతాం. మేమందరం అనుకున్నాం, 'ఎకువా' అని రాద్దామని. మీరు సరేనంటే చాలు." వెనక నిలబడ్డవాళ్ళలో ఎవరో ఓ అని మురిసిపోయారు. "రాయించుకోండమ్మా, సిగ్గెందుకు, మీ ఆయన మిమ్మల్ని తప్ప ఇంకెవర్ని గీస్తాడు" అన్నాడు అండో. ఎకువా ఆ తెల్ల అట్టని చూసింది. "కాస్సేపు ఆగు తల్లీ" అంది. "సరే ఆంటీ, నాలుగులోపల చెప్పండి." గడియారంలో మూడూ ఇరవై.

రాయించుకుంటే ఏమవుతుంది. ఏమీ కాదు. ఎవరికి తెలుస్తుంది. తన పేరు అద్దాల పెట్టె కింద ఉంటుంది, బడిపిల్లలు వచ్చి చదువుతారు, ఎకువా అని. నలభై ఒక్కేళ్ళు ఈ మనిషి బట్టలు ఉతికింది, ముగ్గురు పిల్లల్ని కన్నది, పక్షవాతం వచ్చాక మూడు నెలలు చెంచాతో తాగించింది, కింద గుడ్డలు మార్చింది, అట్టముక్క మీద మూడక్షరాలకి తను తగదా. తగుతుంది. అయినా ఆ నడుం తనది కాదు. తనకెప్పుడూ అంత సన్నని నడుం లేదు. ఆ పసుపు గుడ్డ అక్కది, దానికి అంచులో గవ్వల బొమ్మలుండేవి, శనివారం శనివారం రేవు పక్క డాన్సుహాల్లో అరబా అది తలకి చుట్టుకుని మైకు ముందు నిలబడితే దీపాలన్నీ ఆ గుడ్డమీదే పడేవి. ట్రంపెట్ ఊదేవాడు ఎక్కడుంటాడు, పాడేమనిషి వెనక. ఆ రాత్రుల్లో నాలుగేసి గంటలు ఫీఫీకి కనపడింది అక్క వీపే. బొమ్మలో ఉన్నది అదే. మైకూ అదే. ఇందులో తెలీడానికేముంది. ఎకువా ఆ రోజుల్లో హాలు చివర నిలబడేది, బ్యాండువాళ్ళ చొక్కాలకి గుండీలు కుట్టడం ఆమె పని, సూదీ దారం సంచిలో పెట్టుకుని పాటలన్నీ వినేది. ఆమెకి అక్క మొహం కనపడేది. అక్క భుజం మీంచి అతని మొహం కూడా.

ఆ రెండో సంగతి దగ్గర ఎకువా మనసు ఎప్పుడూ ఆగిపోతుంది, కాలికి ముల్లు గుచ్చుకున్నట్టు. ఇవాళ ఆగలేదు, గాలికి తలుపు తెరుచుకున్నట్టు తెరుచుకుంది. అతని మొహం. బుగ్గలు పూరించి ఊది, ట్రంపెట్ దించి, అక్క పాడుతుంటే కళ్ళు సగం మూసి తల ఊపేవాడు, చెమట చెవిపక్కనుంచి మెడమీదికి జారేది. ఒక గుండీ మళ్ళీ కుట్టాల్సి వచ్చి తొడుక్కున్న చొక్కాకే కుట్టింది ఒకసారి, దారం తెంచడానికి నోరు దగ్గరికి పెట్టినప్పుడు అతని ఛాతీ వాసన తగిలింది, ఇత్తడి పాలిష్, సబ్బు. ఇరవై మూడేళ్ళు తనకి. అతను అక్క మొగుడు. "ఏయ్ గుండీల పిల్లా, నన్ను కూడా కలిపి కుట్టేస్తున్నావా" అని నవ్వాడు. ఆ రాత్రి ఇంటికొచ్చి తనని తాను తిట్టుకుంది, తర్వాత దిండు కింద మొహం పెట్టుకుని ఆ మాటే మళ్ళీ మళ్ళీ తనకి తాను చెప్పుకుంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత ఏం జరిగిందని. ఏమీ జరగలేదు. అదే ఏడు వానాకాలంలో అక్కకి జ్వరం వచ్చింది. మూడంటే మూడు రోజులు. వచ్చే వారం అక్రాలో స్టూడియోకి వెళ్ళాలి, మొదటిసారి అరబా గొంతు రికార్డవ్వాలి, బండి కూడా మాట్లాడుకున్నారు. వెళ్ళలేదు. అంతవరకు వచ్చిన రికార్డుల్లో పాడినదంతా మగవాళ్ళే. అందుకే అండోకి తెలీదు, అప్పట్లో అతను తార్క్వాలో ఉండి రేడియోలో విన్నవాడే. ఎన్యోనం అప్పటికి పుట్టనేలేదు. సెకొండీలో ఆ డాన్సుహాలుకి వచ్చినవాళ్ళు కొందరు పోయారు, కొందరికి గుర్తు పోయింది. అక్క గొంతు ఎక్కడా లేదు. ఫీఫీ ఆగేచోట తప్ప.

ఎవరో పిల్ల వచ్చి సెల్‌ఫోను ఎత్తి, "ఒక్క ఫొటో ఆంటీ, బొమ్మతో" అంది. ఎకువా నిటారుగా కూర్చుంది. నవ్వింది.

ఏడాది మైల తీరి నల్లబట్టలు విప్పేయగానే పెద్దవాళ్ళు సారా సీసా పట్టుకుని వచ్చారు, మేనమామ, ఫీఫీ వైపు ఇద్దరు. అరబా స్థానంలో చిన్నదాన్ని పంపమని. ఆనాటి పద్ధతి. వాళ్ళు అడిగింది అమ్మని. ఎకువాని అడిగినట్టూ లేదు, అడగనట్టూ లేదు, "ఏమే, సరేనా" అన్నాడు మామయ్య సీసా మూత తీస్తూనే. ఆమె తల దించుకుంది. ఊరంతా పాపం అంది, అక్క చెప్పుల్లో కాళ్ళు పెట్టాల్సొచ్చింది పిల్లకి, నోరెత్తలేదు బంగారుతల్లి. తల దించుకున్నది ఎందుకో ఎవరికి తెలుసు. మొహంలో కనపడుతుందేమోనని. అక్క పోయి ఏడాదయింది, తన గుండెలో ఒక మూల, గోరంత మూల, సంతోషించింది. అంతకన్నా పాపం ఈ భూమ్మీద ఉంటుందా. పెళ్ళయి ఆ ఇంటికి వెళ్ళిన మొదటిరోజునుంచీ ఎకువా అతని మొహంలోకి చూడలేదు. వడ్డిస్తే పక్కకి తిరిగి వడ్డించేది. పడుకుంటే గోడవైపు. అక్క బట్టలు పంచినప్పుడు అమ్మ ఆ పసుపు గుడ్డ తనకే ఇచ్చింది, పనుల్లో కట్టుకుని కట్టుకుని చీలికలయ్యేదాకా వాడింది, పెట్టెలో దాచుకోవడానికి ధైర్యం చాల్లేదు. పెరట్లో నీళ్ళ దగ్గరికి పోతే గంటలు గంటలు అక్కడే ఉండిపోయేది, అక్కడ ఏడిస్తే కొళాయి చప్పుడులో కలిసిపోతుంది, గిన్నెలు ఎన్నున్నా మళ్ళీ తోమేది. మొదటి కూతురు మంగళవారం పుట్టింది. మంగళవారం పుట్టిన ఆడపిల్ల ఎవరైనా అరబాయే, ఎవరూ పెట్టక్కర్లేదు, రోజే పెడుతుంది. మంత్రసాని గట్టిగా పిలిచింది, అరబా వచ్చిందే అని. ఫీఫీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. బిడ్డని చూసి, తన తల్లి పేరు చెప్పి, "మామె అని పిలుద్దాం" అన్నాడు, అమ్మ అని. ఎకువా గోడవైపు తిరిగి సరే అంది. ఆ పిల్లకి ఇప్పుడు నలభై నిండాయి, ఇంట్లో ఎవరూ ఆమెని ఆమె రోజు పేరుతో పిలవలేదు.

తర్వాత కర్ఫ్యూ రోజులొచ్చాయి, చీకటి పడితే ఎవరూ వీధిలోకి రాకూడదన్నారు, డాన్సులు పోయాయి, బ్యాండులు పోయాయి, కొందరు నైజీరియా వెళ్ళారు, ఫీఫీ మిల్లులో దుంగలు కొలిచే పనికి కుదిరాడు. ట్రంపెట్ తువ్వాలులో చుట్టి మంచం కింద పెట్టాడు. ఇరవై ఐదేళ్ళు. ఆ ఇరవై ఐదేళ్ళు వాళ్ళ ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉండేదో ఈ అభిమానులు వచ్చి విని ఉంటే, అప్పుడేమనేవాళ్ళో. ఆ మౌనానికి ఎవరూ ఉత్తరాలు రాయలేదు. తర్వాత ఎవరో కుర్రవాళ్ళు పాత రికార్డు ఒకటి దొరికిందని వెతుక్కుంటూ వచ్చారు, ట్రంపెట్ బయటికొచ్చింది, అంతలోనే పక్షవాతం. కుడి చెయ్యి పడిపోయింది, కుడివైపు పెదవి జారింది, కుడికన్ను అస్తమానం నీరు కారుతుంది. ఆరు నెలలు గోడ చూస్తూ కూర్చున్నాడు. ఒకరోజు ఎడమ చేత్తో ట్రంపెట్ ఎత్తాడు, ఇంకో రోజు పడవల రంగు డబ్బా తెప్పించుకున్నాడు, మొదట ఒక చేప, తర్వాత ఒక దుంగ, మూడోది ఈ మనిషి. ఆ రోజు ఎకువా మిరియాలు నూరుతూ తల ఎత్తి చూసింది, పసుపు గుడ్డ, అంతే, కళ్ళు దించుకుంది. మళ్ళీ ఆ బొమ్మల వైపు సరిగ్గా చూడలేదు. చూసి ఏం చేయాలి. తన ఇంట్లోకి అక్క తిరిగి వచ్చింది. రానీ అనుకుంది. ఇల్లు దానిదే.

మూడూ నలభై ఐదు. జనం నిండారు, కుర్చీలు చాలక గోడలకి ఆనుకుని నిలబడ్డారు. ఎన్యోనం దూరంనుంచి అట్టముక్క ఊపి చూపించింది, కనుబొమలు ఎగరేసింది, ఏమంటారు అన్నట్టు. ఎకువాకి ఉన్నట్టుండి అక్క చెయ్యి గుర్తొచ్చింది, జ్వరంలో మూడోరోజు, అంత వేడిలోనూ తన చెయ్యి పట్టుకుని, "నా పేరు మీద ఒక్క పాటైనా వచ్చుంటే బావుండేదే చిన్నా" అంది. నవ్వుతూనే అంది, ఆ తర్వాత ఇక నవ్వలేదు. ఎకువా చెయ్యెత్తి ఎన్యోనంని పిలిచింది. "రాయి. అరబా అని రాయి." పిల్ల పెన్ను మూత తీసింది. "అరబా ఎవరు ఆంటీ?" "మా అక్క. ఫీఫీకి మొదటి భార్య. ఆ బ్యాండులో పాడేది. నువ్వు అందరికీ చెప్పు, ఆమె పాడేదని." ఎంత తేలిగ్గా వచ్చింది నోట్లోంచి. నలభై ఒక్కేళ్ళు గొంతులో ఉన్నది చిన్న పేరు, మూడక్షరాలు. అండో విన్నాడు. టోపీ తీసేశాడు. ఎన్యోనం రాసి అట్టని బొమ్మ కింద గుచ్చింది.

పక్క గది తలుపు తెరుచుకుంది. ఫీఫీ వచ్చాడు, కుడికాలు ఈడ్చుకుంటూ, చంకలో ట్రంపెట్. హాలంతా లేచి నిలబడింది. అతను వేదికవైపు వెళ్ళాల్సినవాడు, దారిలో ఆ బొమ్మ ముందు ఆగాడు. వంగి అట్ట చదివాడు. చాలాసేపు చదివాడు, అంత చిన్న మాటని. ఎకువా చేతులు ఒళ్ళో బిగించుకుంది.

"ఎవరు చెప్పారు?" అన్నాడు. మాట ముద్దగా వస్తుంది అతనికి, ఆమెకే బాగా అర్థమవుతుంది.

"నేనే."

అతను తల అడ్డంగా ఊపాడు. ఎడమ చేత్తో ఆ బూడిదరంగు గీతని చూపించాడు. "అది మైకు కాదే. కొళాయి."

ఎకువాకి వినపడింది, కానీ తల లోపలికి వెళ్ళలేదు.

"పెరట్లో కొళాయి" అన్నాడు మళ్ళీ, పసిపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా. "మీ పెద్దాళ్ళు నిన్ను అడక్కుండా పంపేశారు. నా మొహం చూడ్డం నీకు ఇష్టం లేదు, నాకు తెలుసు. అక్కడికి పోయి అటు తిరిగి నిలబడేదానివి. మంచం మీంచి చూసేవాణ్ణి నేను. ఒక్కసారి ఇటు తిరుగుతుందేమోనని." ఊపిరి తీసుకున్నాడు. "పాటలో ఖాళీ అరబాదే. అబద్ధం చెప్పను. బొమ్మ నువ్వు." ముందు వరసలో వాళ్ళు పిలుస్తున్నారు, ఎగ్యా, ఎగ్యా ఫీఫీ అని. అతను వెళ్ళిపోయాడు.

పాట మొదలైంది. ఎకువా వినలేదు, మొదటి పాటంతా ఏమీ వినలేదు, కుర్చీ వెనక్కి జరిపి లేచి ఆ బొమ్మకి ఎదురుగా నిలబడింది, మూడేళ్ళుగా పక్కన పెట్టుకుని చూడని దాన్ని. పసుపు గుడ్డకి గవ్వల అంచు లేదు. అంచు దగ్గర చీలికలు. ఆ మనిషి ఒంటికాలిమీద నిలబడి ఉంది, ఎడమ పాదం ఎత్తి కుడి పిక్కకి ఆనించి, నీళ్ళు పడేదాకా కాలు నొప్పి పుట్టి తను అలాగే నిలబడేది, అమ్మ కొంగ అని తిట్టేది. అరబా జీవితంలో బిందె ఎత్తలేదు, అక్క గొంతు ఇంటికి అన్నం పెట్టేది, నీళ్ళు మోసింది తను. మరి ఆ నడుం? ఇరవై నాలుగేళ్ళప్పుడు వెనకనుంచి తను ఎలా ఉండేదో ఏ ఆడదానికి తెలుస్తుంది. చూసినవాడికి తెలుస్తుంది. చూశాడు. ఏళ్ళకి ఏళ్ళు చూశాడు, ఇష్టం లేని పిల్లని తెచ్చుకున్నానని కుమిలిపోతూ చూశాడు, ఆమె కొళాయి చప్పుడులో ఏడుస్తుంటే తన మీద అసహ్యం అనుకుని మంచం దిగకుండా ఉండిపోయాడు. ఆమె అక్క పేరు ఎత్తితే అతనికి పుండు రేగుతుందని ఎత్తలేదు. అతను ఎత్తితే ఆమెకి అవమానమని ఎత్తలేదు. మధ్యలో ముగ్గురు పిల్లలు పెరిగి వెళ్ళిపోయారు. మోకాళ్ళు పోయాయి, పళ్ళు పోయాయి, అతని కుడిచెయ్యి పోయింది. ఆ చెయ్యి బాగున్న రోజుల్లో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి తను వెనక్కి చూసి ఉంటే.

రెండో పాటలో ఖాళీ వచ్చింది. హాలు ఊపిరి బిగబట్టింది. ఎకువా పెదవులు కదల్లేదు ఈసారి. అక్కా, నువ్వు పాడుకో అనుకుంది.

మూడో పాట అయ్యాక జనం ఒక్కసారిగా లేచారు, చప్పట్లు, ఈలలు, "ఇంకొక్కటి ఎగ్యా, ఇంకొక్కటి." పాటల మధ్య అతనికి అల్లంనీళ్ళు ఇవ్వడం ఎకువా పని. గ్లాసు పట్టుకుని వేదిక ఎక్కింది. మెట్లు మూడే. అతను రెండు గుక్కలు తాగాడు. పెదవి మూలనుంచి కారినదాన్ని ఆమె తుడిచింది. ఆ చప్పట్లలో పక్కవాడికి కూడా వినపడదు, అయినా చెవి దగ్గరికి వంగింది.

"నాకిష్టమయ్యే వచ్చాను" అంది.

అతను అర్థం కానట్టు చూశాడు.

"పెద్దవాళ్ళు పంపినందుకు కాదు. పంపకపోయినా వచ్చేదాన్ని. అక్క బతికుండగానే..." అక్కడ ఆగి గ్లాసు కింద పెట్టింది. "అందుకే నీ మొహం చూళ్ళేకపోయాను. నీమీద కోపం కాదు. నామీద నాకు సిగ్గు."

ఫీఫీ ఆమెని చూస్తూ ఉన్నాడు. కుడికన్ను ఎప్పుడూ కారేదే. ఇప్పుడు ఎడమకన్ను కూడా కారింది. "ఇప్పుడా చెప్పడం" అన్నాడు. కోపంగా కాదు, ఆశ్చర్యంగా, బండి వెళ్ళిపోయాక టికెట్టు దొరికినవాడిలా. తర్వాత జనంవైపు తిరిగి ట్రంపెట్ ఎత్తాడు, అడిగినవాళ్ళకి ఎప్పుడూ కాదనలేదు అతను.

శబ్దం రాలేదు. పెదవి ఆనించాడు, బుగ్గ పూరించాడు, పెదవి వణికి జారిపోయింది. మళ్ళీ ఆనించాడు. గాలి కూడా రాలేదు. హాలంతా కదలకుండా వింటోంది, కొందరు కళ్ళు మూసుకున్నారు, గోడ దగ్గర ఒకతను మెచ్చుకోలుగా తల ఊపాడు. ఎన్యోనం చప్పట్లు కొట్టబోయి రెండు చేతులూ ఎత్తింది. అండో ఆ చేతులు పట్టుకుని కిందికి దించాడు. "ఆగమ్మా" అన్నాడు. "ఇది పాట కాదు." ఆ మాట ఒకరినుంచి ఒకరికి పాకినట్టుంది, కళ్ళు మూసుకున్నవాళ్ళు తెరిచారు, పైకెత్తిన ఫోనులు ఒక్కొక్కటే దిగాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరూ ఇంకొక్కటి అనలేదు.

ఎకువా ట్రంపెట్ అతని చేతిలోంచి తీసి కుర్చీమీద పెట్టింది. తను ముందుగా ఒక మెట్టు దిగి, అతనివైపే మొహం పెట్టి, రెండు చేతులూ పట్టుకుంది, మంచిదీ, పడిపోయినదీ. "నన్ను చూడు" అంది. "ఎడమకాలు ముందు. ఆ. ఇప్పుడు రెండోది." వెనక ఏముందో చూసుకోకుండా, వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ ఆమె మెట్లు దిగింది.